ఇంట్లో కుందేలు, ముక్కులో తుమ్ములు: ఎండుగడ్డి అలర్జీ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సినవి

పిల్లలు పట్టుబట్టారని ఇంటికి కుందేలునో గినీ పిగ్‌నో తెస్తారు. కొన్ని వారాలకు ఇంట్లో ఒకరికి తుమ్ములు మొదలవుతాయి. ముక్కు కారుతుంది, కళ్లు దురద పెడతాయి, తెల్లారితే చాలు గొంతులో గరగర. జంతువు బొచ్చే కారణమని అందరూ తేల్చేస్తారు. ఎవరికైనా ఇచ్చేయమని పెద్దవాళ్లు, ఇవ్వమని పిల్లలు. ఈ గొడవలో ఎవరూ అనుమానించని వస్తువు ఒకటి గది మూలన సంచిలో ఉంటుంది. అదే ఎండుగడ్డి.

హే ఫీవర్ ఉన్నవాళ్లు గడ్డి తినే జంతువును పెంచలేరని లేదు. చాలా ఇళ్లలో జంతువును పంపేయకుండానే ఇబ్బంది అదుపులోకి వస్తుంది. అయితే ముందు తుమ్ముకు అసలు కారణం ఏమిటో తేల్చుకోవాలి. గడ్డిని మానేయడం మాత్రం పరిష్కారం కాదు. గడ్డి లేకపోతే ఆ జంతువు బతకదు. మార్చాల్సింది గడ్డిని కొనే, దాచే, వేసే పద్ధతి.

హే ఫీవర్ అంటే

మన ఇళ్లలో దీన్ని హే ఫీవర్ అని పిలిచేవాళ్లు తక్కువ. డస్ట్ అలర్జీ అంటారు, సైనస్ అంటారు, పెద్దవాళ్లు నజ్లా అంటారు. డాక్టర్లు రాసే పేరు అలర్జిక్ రైనైటిస్. పుప్పొడి, బూజు, దుమ్ము పురుగు, జంతువుల చర్మపు పొట్టు లాంటివి మామూలుగా ఎవరికీ హాని చేయవు. కొందరి శరీరం మాత్రం వాటిని శత్రువులుగా లెక్కేస్తుంది. ఐజీఈ అనే యాంటీబాడీలను తయారు చేసుకుని, ఆ పదార్థం మళ్లీ ముక్కుకు తగలగానే హిస్టమిన్ విడుదల చేస్తుంది. వరస తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, దురద, ముక్కు దిబ్బడ అన్నీ దాని పనే.

పేరులో ఫీవర్ ఉన్నా ఇందులో జ్వరం రాదు. జ్వరం, ఒళ్లు నొప్పులు, పసుపు లేదా ఆకుపచ్చ చీమిడి, ఒకవైపు ముఖం నొప్పి ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. అలర్జీకి యాంటీబయాటిక్ పనిచేయదు. మెడికల్ షాపులో అడిగి వేసుకుంటే డబ్బులు దండగ, శరీరానికి నష్టం.

అల్-రాజీ నుంచి బ్లాక్లీ దాకా

ఈ జబ్బు మీద రాసిన తొలి వైద్యుల్లో అబూ బకర్ అల్-రాజీ ఒకరు. ఇప్పటి ఇరాన్‌లోని రయ్ నగరంలో పుట్టి, బగ్దాద్‌లో పేరు తెచ్చుకున్న ఈ హకీమ్ తన సమకాలీన పండితుడు అబూ జైద్ అల్-బల్ఖీ గురించి ఒక చిన్న గ్రంథం రాశారు. వసంతంలో గులాబీల వాసన తగిలినప్పుడల్లా ఆయనకు జలుబు ఎందుకు చేస్తోందన్నదే అందులోని విషయం. వెయ్యేళ్ల క్రితమే, ఏటా ఒకే రుతువులో వచ్చే జలుబు మామూలు జలుబు కాదని ఒక వైద్యుడు గమనించాడన్నమాట.

యూరప్‌లో దీన్ని వివరంగా రాసింది ఇంగ్లండ్ వైద్యుడు జాన్ బోస్టాక్. 1819లో తన సొంత జబ్బునే లండన్ వైద్యుల ముందు పెట్టాడు. అప్పట్లో జనం కోసిన కొత్త గడ్డి వాసనే దీనికి కారణమని నమ్మేవాళ్లు. హే ఫీవర్ అనే పేరు అలా వచ్చింది. అసలు దోషి పుప్పొడి అని నిరూపించింది మాంచెస్టర్‌కు చెందిన చార్లెస్ బ్లాక్లీ. ఆయన కూడా ఈ రోగే. గడ్డి పుప్పొడిని తన చర్మం మీద, ముక్కులో తానే పెట్టుకుని పరీక్షించాడు. జిగురు రాసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేసి, పైన గాలిలో ఎంత పుప్పొడి ఉందో లెక్కపెట్టాడు. 1873లో ఆ ఫలితాలను పుస్తకంగా తెచ్చాడు.

ఇక్కడ పెంపకందారులకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇబ్బంది గడ్డి వాసన వల్ల కాదు, గడ్డిలో ఉన్న పుప్పొడి, బూజు, దుమ్ము వల్ల. గడ్డి ఎండినా అందులోని పుప్పొడికి అలర్జీ పుట్టించే గుణం పోదు.

గినీ పిగ్ పందా?

ఈ ప్రశ్న మన ఇళ్లలో తప్పకుండా వస్తుంది. పేరులో పిగ్ ఉండటంతో, కొన్ని తెలుగు పుస్తకాల్లో గినీ పంది అని రాయడంతో చాలామంది వెనకాడతారు. జంతుశాస్త్రం ప్రకారం దీనికీ పందికీ ఏ సంబంధమూ లేదు. ఇది ఎలుక, ఉడుతల్లాగా కొరికే జాతి జంతువు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల ప్రజలు వేల ఏళ్లుగా పెంచుకుంటున్నారు. దీనికి కేవీ అనే మరో పేరు కూడా ఉంది. పెంచుకోవడంలో మతపరమైన సందేహం ఏదైనా మిగిలితే తమకు తెలిసిన ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవచ్చు.

గడ్డి ఎందుకు మానకూడదు

అలర్జీ అని తెలియగానే కొందరు గడ్డి ఆపేసి షాపులో దొరికే గుళికలు, క్యారెట్, రొట్టె ముక్కలు పెట్టడం మొదలుపెడతారు. ఇది జంతువు ప్రాణం మీదకు తెస్తుంది.

కుందేలు, గినీ పిగ్ రెండింటికీ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కుందేలు ముందు పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. పొడవాటి పీచు గడ్డిని గంటల తరబడి నమలడం వల్లే అవి అరుగుతాయి. గడ్డి లేకపోతే దవడ పళ్లు మొనదేలి నాలుకను, బుగ్గలను కోస్తాయి. అప్పుడు జంతువు తిండి మానేస్తుంది.

పేగులదీ అదే కథ. గడ్డి పీచు లోపలికి పోతూ ఉంటేనే వాటి పేగులు కదులుతాయి. కదలిక ఆగితే గ్యాస్ నిండి, ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయే ప్రమాదం ఉంది. కుందేలు 12 గంటలపాటు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా రేపు చూద్దాంలే అనుకోకూడదు. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

వీటి తిండిలో దాదాపు 80 శాతం గడ్డే ఉండాలి. మిగతాది ఆకుకూరలు, కొద్దిగా గుళికలు. గినీ పిగ్‌కు ఇంకో అవసరం ఉంది. మనుషుల్లాగే దాని శరీరం కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. కాబట్టి రోజూ క్యాప్సికం, కొత్తిమీర లాంటివి కొంచెం పెట్టాలి.

కారణం గడ్డా, జంతువా, ఇంకేదైనానా?

తుమ్ములు తెప్పించేవి సాధారణంగా నాలుగు. గడ్డిలోని పుప్పొడి, గడ్డిలోని బూజు, దుమ్ము, జంతువు ఉమ్ము, మూత్రం, చర్మపు పొట్టు, ఇంట్లోనే పరుపుల్లో ఉండే దుమ్ము పురుగులు. నాలుగోది జంతువు రాకముందు నుంచీ ఉండి ఉండవచ్చు. నింద మాత్రం కొత్తగా వచ్చిన కుందేలు మీద పడుతుంది.

రెండు మూడు వారాలు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలావరకు తేలిపోతుంది. ఎప్పుడు తుమ్ములు వచ్చాయి, అంతకుముందు అరగంటలో ఏం చేశారు అన్న రెండు విషయాలు రాస్తే చాలు.

గడ్డి సంచి విప్పినప్పుడు, గడ్డి నింపినప్పుడు తుమ్ములు వస్తూ, జంతువును ఒళ్లో పెట్టుకున్నప్పుడు రాకపోతే అనుమానం గడ్డి మీద పెట్టుకోవాలి.

జంతువును పట్టుకున్న చోట మణికట్టు మీద, మెడ మీద దద్దుర్లు వస్తే, అది నాకిన చోట దురద పెడితే, జంతువు పాత్ర ఉన్నట్టే. కుందేలు, గినీ పిగ్‌ల అలర్జీ కేవలం బొచ్చు వల్ల రాదు. వాటి ఉమ్ము, మూత్రంలోని ప్రోటీన్లు బొచ్చుకు, పక్కబట్టకు అంటుకుని ఎండి గాలిలో లేస్తాయి. అందుకే పొట్టి బొచ్చు జాతి అయితే అలర్జీ రాదని అమ్మేవాళ్లు చెప్పేది నమ్మడానికి లేదు.

పొద్దున పక్క మీద నుంచి లేవగానే తుమ్ములు వస్తే దుమ్ము పురుగులను, బయటికెళ్లి వచ్చాక వస్తే బయటి పుప్పొడిని అనుమానించాలి. తెలుగు రాష్ట్రాల్లో ఖాళీ స్థలాల నిండా పెరిగే వయ్యారిభామ, సర్కారు తుమ్మ రెండింటి పుప్పొడీ అలర్జీకి పేరుమోసినవే. వానల తర్వాత గడ్డి జాతులన్నీ పూతకొచ్చే నెలల్లో ఇబ్బంది పెరిగితే అదీ ఒక ఆధారమే.

కొందరు జంతువును వారం రోజులు చుట్టాలింట్లో వదిలి చూస్తారు. ఇది సరైన పరీక్ష కాదు. జంతువు వెళ్లినా దాని అలర్జీ పదార్థాలు సోఫాల్లో, పరదాల్లో, తివాచీల్లో వారాలు, ఒక్కోసారి నెలలపాటు ఉంటాయి. వారంలో తగ్గలేదంటే కుందేలు నిర్దోషి అనీ కాదు, తగ్గిందంటే కుందేలే దోషి అనీ కాదు. దానితోపాటు గడ్డి సంచి కూడా వెళ్లిపోయిందిగా!

ఖాయంగా తెలియాలంటే టెస్ట్ ఉంది. ముంజేతి మీద చిన్న చుక్కలు వేసి, సూదితో తేలిగ్గా గీరి చూసే స్కిన్ ప్రిక్ టెస్ట్ ఫలితం 15 నుంచి 20 నిమిషాల్లో వస్తుంది. అలర్జీ మాత్రలు వేసుకుంటూ ఉంటే ఈ టెస్ట్ తప్పుగా రావచ్చు. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌ను అడగాలి. మాత్రలు ఆపలేనివాళ్లకు రక్తంలో ఐజీఈ పరీక్ష ఉంది. ఎక్కడ చేయించినా గడ్డి జాతుల పుప్పొడి, బూజు, దుమ్ము పురుగు, ఇంట్లో ఉన్న జంతువు ఈ నాలుగూ ఉన్నాయో లేదో ముందే అడగాలి. పెద్ద ప్యాకేజీ తీసుకున్నా అందులో కుందేలు లేకపోతే డబ్బు పోయినట్టే.

ఏ గడ్డి కొనాలి

మన దగ్గర ఆన్‌లైన్‌లో, పెట్ షాపుల్లో ఎక్కువగా దొరికేది టిమోతీ గడ్డి. చల్లటి దేశాల్లో పండే ఈ గడ్డి జంతువుకు మంచిదే, కానీ హే ఫీవర్ తెప్పించే ముఖ్యమైన గడ్డి జాతుల్లో ఇదీ ఒకటి. టిమోతీ పడకపోతే కొన్ని మార్గాలున్నాయి.

మొదటిది కోత మార్చడం. టిమోతీలో తొలి కోత, రెండో కోత, మూడో కోత అని ఉంటాయి. తొలి కోతలో కాడలు, గింజ కంకులు ఎక్కువ. రెండో, మూడో కోతల్లో ఆకు ఎక్కువ, కంకులు తక్కువ. కంకి తక్కువంటే పుప్పొడీ తక్కువ ఉండే అవకాశం ఉంది. దుమ్ము తీసిన గడ్డి అని రాసి ఉన్నది దొరికితే ఇంకా మేలు.

రెండోది జాతి మార్చడం. ఆర్చర్డ్ గడ్డికి మారినా ఫలితం ఉంటుందని హామీ లేదు. అది టిమోతీకి దగ్గరి బంధువు. ఒకటి పడనివాళ్లకు రెండోదీ పడకపోవడం మామూలే. మన గరిక వేరే ఉపకుటుంబానికి చెందింది. టిమోతీ మాత్రమే పడనివాళ్లకు ఎండబెట్టిన గరిక సరిపడవచ్చు. అయితే గరిక పుప్పొడి కూడా అలర్జీ తెప్పించేదే కాబట్టి టెస్ట్ చూసి నిర్ణయించుకోవడం మంచిది.

మూడోది పచ్చి గడ్డి. పూత రాని లేత గరికను కడిగి, నీళ్లు కారిపోయాక పెడితే దుమ్ము సమస్య బాగా తగ్గుతుంది. అలవాటు లేని జంతువుకు ఒక్కసారిగా పెడితే విరేచనాలు అవుతాయి. రోజుకు కొంచెం చొప్పున పెంచుతూ పోవాలి. రోడ్డు పక్కన, కుక్కలు తిరిగే చోట, మందు కొట్టిన చోట కోయకూడదు. ఖాళీ ప్లాట్లలో కోస్తే గరికతోపాటు వయ్యారిభామ కూడా చేతికొస్తుంది. అలర్జీ తగ్గించుకోవడానికి వెళ్లి పెద్ద అలర్జీని ఇంటికి తెచ్చుకున్నట్టవుతుంది.

వరిగడ్డిని ఎండుగడ్డికి బదులుగా వాడకూడదు. అందులో పోషకాలు చాలా తక్కువ. లూసర్న్, అంటే అల్ఫాల్ఫా, పెరిగే పిల్లలకు, సూడితో ఉన్నవాటికి పనికొస్తుంది. పెద్దవాటికి రోజూ పెడితే అందులోని అధిక కాల్షియం మూత్రాశయంలో ఇబ్బంది తెస్తుంది. నొక్కి తయారు చేసిన గడ్డి దిమ్మల్లో దుమ్ము తక్కువే అయినా, పళ్లు అరగడానికి పొడవాటి పీచు కావాలి. వాటిని తోడుగా వాడవచ్చు, పూర్తిగా వాటి మీదే ఆధారపడకూడదు.

లెక్క, నిల్వ

రెండు కిలోల కుందేలు రోజుకు 80 నుంచి 100 గ్రాముల గడ్డి తింటుందనుకుంటే నెలకు మూడు కిలోల లోపే. చాలామంది పెద్ద సంచి తీసుకుంటే కిలో ధర తగ్గుతుందని ఆరు నెలల సరుకు ఒకేసారి తెప్పిస్తారు. ఎండాకాలంలో ఫర్వాలేదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా తేమ గాలిలో ఆ సంచి బూజు పడుతుంది. సగం పారేసిన సంచి ధర కిలోకు లెక్కేస్తే చిన్న ప్యాకెట్ కన్నా ఎక్కువే పడుతుంది. పారేయకుండా వాడితే ఆ తేడా ఆసుపత్రిలో కట్టాల్సి వస్తుంది. వానాకాలంలో నెలకు సరిపడా మాత్రమే కొనడం తెలివైన పని.

మంచి గడ్డి పచ్చటి ఛాయతో, కమ్మటి వాసనతో ఉంటుంది. ముక్కిపోయిన వాసన, నల్లటి లేదా తెల్లటి మచ్చలు, కదపగానే బూడిదలా లేచే పొడి కనిపిస్తే అది బూజు. కుందేలుకూ పెట్టకూడదు, ఇంట్లోనూ ఉంచకూడదు. బూజు పట్టిన గడ్డి ధూళిని చాలాకాలం పీల్చిన రైతులకు ఊపిరితిత్తుల జబ్బే వస్తుంది. దాన్ని ఫార్మర్స్ లంగ్ అంటారు.

గడ్డిని గాలి ఆడే గుడ్డ సంచిలోనో, పాత దిండు గలీబులోనో, అట్టపెట్టెలోనో, నేలకు ఆనకుండా ఎత్తు మీద పెట్టాలి. గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచిలో తేమ చిక్కుకుంటుంది. పడకగదిలో, మంచం కింద అసలు పెట్టకూడదు.

గడ్డి వేసే పద్ధతి

అలర్జీ ఉన్నవాళ్లకు రోజంతటిలో ఎక్కువ ఇబ్బంది తెచ్చేది గడ్డి నింపే ఆ పది నిమిషాలే. వీలైతే ఆ పని అలర్జీ లేనివాళ్లు చేయాలి. ఇంట్లో పని అంటే అమ్మ మీదే పడే ఇళ్లలో, అమ్మకే అలర్జీ ఉంటే, పనిని పంచుకోవడమే మొదటి మందు.

తానే చేయక తప్పనప్పుడు ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. మామూలు గుడ్డ మాస్క్, దుపట్టా అడ్డం పెట్టుకోవడం సరిపోదు. గడ్డిని డాబా మీదో బాల్కనీలోనో దులిపి, దుమ్ము రాలిపోయాక లోపలికి తేవాలి. సీలింగ్ ఫ్యాన్, కూలర్ ఆపాకే సంచి విప్పాలి. రోజూ సంచి విప్పే బదులు, వారానికి సరిపడా గడ్డిని ఒకేసారి చిన్న కాగితపు సంచుల్లో నింపి పెట్టుకుంటే రోజూ ఒక సంచి పెడితే సరిపోతుంది. జంతువు కాగితాన్ని చించుకుని తింటుంది, దానికి అదో ఆట.

గడ్డి మీద కొద్దిగా నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు. కానీ తడిపిన గడ్డి కొన్ని గంటల్లోనే పాడవుతుంది. అప్పటికప్పుడు తినేంత మాత్రమే తడిపి, మిగిలింది తీసేయాలి.

పని అయ్యాక చేతులు, ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. అదే బట్టలతో మంచం మీద కూర్చుంటే పుప్పొడి రాత్రంతా తోడుంటుంది. పంజరం చుట్టూ చీపురుతో ఊడవకూడదు, దుమ్మంతా గాలిలోకే లేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి. హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ ఉంటే వాడవచ్చు.

పంజరం కింద రంపపు పొట్టుకు బదులు కాగితంతో చేసిన పక్క వాడటం మేలు. దేవదారు జాతుల పొట్టు నుంచి వచ్చే ఆవిర్లు జంతువుకూ, మనకూ మంచివి కావు. మూత్రం తడిసిన చోట రోజూ శుభ్రం చేయాలి. అక్కడి నుంచి వచ్చే అమోనియా ఘాటు ముక్కును ఇంకా చెడగొడుతుంది. లోబాన్, ఊద్, అగరుబత్తి పొగ, సిగరెట్ పొగ కూడా అంతే. అలర్జీతో వాచిన ముక్కుకు ఏ పొగైనా కారం చల్లినట్టే. పంజరం ఉన్న గదిలో, అలర్జీ ఉన్న మనిషి పడుకునే గదిలో పొగ వేయకపోవడం మంచిది.

బాల్కనీలో పెడితే సరిపోతుందా?

పంజరం బయట పెట్టండి అని చల్లటి దేశాల పుస్తకాలు సలహా ఇస్తాయి. హైదరాబాద్, విజయవాడ ఎండలకు ఆ సలహా పనికిరాదు. కుందేలు చెమట పట్టి చల్లబడలేదు. ఎక్కువ వేడి చెవుల ద్వారానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటే బాల్కనీలో పెడితే వడదెబ్బతో చనిపోతుంది. కోతులు, పిల్లులు, గద్దల భయం వేరే.

అందువల్ల ఇంట్లోనే, కానీ పడకగదికి దూరంగా, కిటికీ ఉన్న ఒక చోటు కేటాయించాలి. తివాచీ, పరదాలు, గుడ్డ సోఫాలు లేని చోటైతే తుడవడం తేలిక. కూలర్ గాలి పంజరం మీదుగా మనుషుల వైపు రాకుండా చూసుకోవాలి. పిల్లలు కుందేలుతో ఆడుకోవచ్చు, కానీ దాన్ని మంచం ఎక్కించకూడదు.

మందుల సంగతి

నీళ్లలా కారే ముక్కు, తుమ్ములకు సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. వీటిలో ఫెక్సోఫెనడిన్‌కు మత్తు తక్కువ. దాన్ని పళ్ల రసంతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, నీళ్లతోనే వేసుకోవాలి. పాతకాలపు అవిల్ లాంటి మాత్రలు నిద్ర తెస్తాయి. బండి నడిపేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు వాటికి దూరంగా ఉండటం మంచిది.

ముక్కు దిబ్బడ రోజూ ఉండేవాళ్లకు మాత్రల కన్నా బాగా పనిచేసేది స్టెరాయిడ్ ముక్కు స్ప్రే. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ ఈ రకానివి. స్టెరాయిడ్ అనగానే భయపడతారు కానీ, ముక్కులో పడే మోతాదు చాలా తక్కువ. ఒకరోజు కొట్టి పనిచేయలేదని మానేయడమే అందరూ చేసే పొరపాటు. పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కొట్టేటప్పుడు తల కొంచెం వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మధ్య గోడకు కాకుండా పక్కకు తిప్పి కొట్టాలి. అలా చేస్తే ముక్కు నుంచి రక్తం వచ్చే అవకాశం తగ్గుతుంది.

ముక్కు దిబ్బడ నిమిషాల్లో విప్పే చుక్కల మందులు వేరు. వాటిని నాలుగైదు రోజులకు మించి వాడితే, మందు ఆపగానే ముక్కు ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ సీసా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు అలా తయారైనవాళ్లే.

లెవోసెట్రిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర మన దగ్గర విరివిగా రాస్తారు. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను దానికి జోడించింది. పిల్లల ప్రవర్తనలో మార్పు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

జోషాందా, వేడి ఆవిరి గొంతుకు హాయినిస్తాయి. అలర్జీని ఆపవు. ఏళ్లుగా బాధపడేవాళ్లకు పుప్పొడి, దుమ్ము పురుగుల అలర్జీకి ఇమ్యునోథెరపీ ఉంది. దాదాపు మూడేళ్లు పట్టే ఈ చికిత్సను నిపుణుల దగ్గరే చేయించుకోవాలి.

ఉప్పునీళ్లతో ముక్కు కడగడం మంచి ఉపాయం. పావు లీటరు నీళ్లకు సుమారు 2 గ్రాముల ఉప్పు కలపాలి. మందుల షాపుల్లో తయారు ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. వుజూలో ముక్కుకు నీళ్లు ఎక్కించి చీదితే ముందరి దుమ్ము కొంత పోతుంది. సీసాతోనో సిరంజితోనో లోపలిదాకా కడిగేటప్పుడు మాత్రం మరగబెట్టి చల్లార్చిన నీళ్లే వాడాలి. ట్యాంకు నీళ్లలో ఉండగల ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణాంతకం. ఇది అరుదు, కానీ నీళ్లు మరగబెట్టుకుంటే ఆ భయం ఉండదు.

రంజాన్‌లో రోజాలు ఉండేవాళ్లకు రోజుకు ఒకసారి వేసుకునే మాత్రలు, స్ప్రేలు సాధారణంగా ఉంటాయి. వాటిని ఇఫ్తార్ తర్వాతో సహరీకో మార్చమని డాక్టర్‌ను ముందే అడగవచ్చు. రోజాలో స్ప్రే, ఇన్‌హేలర్ వాడటంపై మసలా ఆలిమ్‌ను అడగాలి. ఊపిరి ఆడని స్థితిలో మాత్రం ఇన్‌హేలర్ వాడటానికి ఆలస్యం చేయకూడదు.

ఒక జాగ్రత్త: మన మందులు జంతువుకు వేయకూడదు. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ కుందేలును, గినీ పిగ్‌ను చంపేయగలదు.

బక్రీద్ మేకలు

బక్రీద్‌కు ముందు కొన్ని రోజులు ఇంటి దగ్గర మేకను కట్టేసే కుటుంబాల్లోనూ ఇదే ఇబ్బంది కనిపిస్తుంది. మేత దుమ్ము, జంతువు పొట్టు, మూత్రం అన్నీ ఒకే చోట చేరతాయి. పిల్లలకు ఆస్తమా ఉంటే మేతను ఇంటి లోపల, మెట్ల కింద నిల్వ చేయకూడదు. మేత వేసే పని వేరేవాళ్లకు అప్పగించి, పిల్లల మందులు ఆ రోజుల్లో తప్పకుండా వేయాలి.

ఇక్కడ ఆగాలి

ముక్కుతో ఉన్నంతవరకు ఇది చికాకు. ఛాతీలోకి దిగితే ప్రమాదం. రాత్రిపూట దగ్గు, ఊపిరిలో పిల్లికూతలు, ఛాతీ బిగువు, మెట్లెక్కితే ఆయాసం కనిపిస్తే ఆస్తమా కావచ్చు. ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో ఆస్తమా వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. ఆలస్యం చేయకుండా ఊపిరితిత్తుల డాక్టర్‌ను కలవాలి. హైదరాబాద్‌లో ముక్కుకు కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, ఛాతీకి ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నాయి.

వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం, ఇన్‌హేలర్ వాడినా తగ్గకపోవడం అత్యవసర లక్షణాలు. 108కు ఫోన్ చేయాలి.

మందులు, జాగ్రత్తలు అన్నీ పాటించినా ఆస్తమా అదుపులోకి రాకపోతే, కారణం జంతువేనని టెస్ట్‌లో తేలితే, ఇక దాన్ని వేరే ఇంటికి ఇవ్వడమే సరైన నిర్ణయం. ఇందులో పిల్లలకు అబద్ధం చెప్పకూడదు. పారిపోయిందని, చనిపోయిందని చెప్పే బదులు, ఇంట్లో ఒకరికి ఊపిరి ఆడటం లేదని, అందుకే దాన్ని బాగా చూసుకునే ఇల్లు వెతుకుతున్నామని చెప్పాలి. పార్కులోనో చెరువు గట్టునో వదిలేయకూడదు. ఇంట్లో పెరిగిన కుందేలుకు కుక్కల నుంచి తప్పించుకోవడం తెలియదు. దాన్ని అలా వదలడమంటే చంపడమే.

ఇంకా కొననివాళ్లకు

ముర్గీ చౌక్ లాంటి చోట్ల పిల్ల కుందేలు ముద్దుగా కనిపిస్తుంది. కొనేముందు కుటుంబం మొత్తం కూర్చుని ఒక లెక్క వేసుకోవాలి. కుందేలు 8 నుంచి 12 ఏళ్లు, గినీ పిగ్ 5 నుంచి 8 ఏళ్లు బతుకుతాయి. అన్నేళ్లూ ఇంట్లో ఎండుగడ్డి ఉంటుంది. అలర్జీ ఉన్నవాళ్లుంటే ముందు తెలిసినవాళ్ల ఇంట్లో అలాంటి జంతువుతో నాలుగైదు సార్లు గడపాలి. దాన్ని ముట్టుకోవడం ఒక్కటే కాదు, వాళ్ల గడ్డి సంచిని కూడా విప్పి చూడాలి. ఒక పిడికెడు గడ్డి ముందుగా ఇంటికి తెచ్చి వారం రోజులు ఉంచి చూసినా తేడా తెలుస్తుంది. మాటిమాటికీ ఊపిరి ఆడక ఇబ్బంది పడే బిడ్డ ఉన్న ఇల్లయితే, ఆ బిడ్డ డాక్టర్‌ను అడిగాకే బజారుకు వెళ్లాలి.

ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు ఈ వారమే చేయగలిగిన పనులు నాలుగు. గడ్డి సంచిని పడకగది నుంచి తీసేయడం, నింపే పనిని అలర్జీ లేనివాళ్లకు మార్చడం, చీపురు బదులు తడిగుడ్డ పట్టడం, తుమ్ముల నోట్‌బుక్ మొదలుపెట్టడం. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్‌ను వెంట తీసుకెళ్లాలి.